తప్పుల యార్డ్: చెన్నైలో చేసిన బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ కోర్సుపై నా సమీక్ష

ఈ కోర్సులో ఎన్ని మాడ్యూల్స్ ఉన్నాయో, ఏ వారం ఏం చెబుతారో ఇక్కడ రాయను. బ్రోషర్‌లో అన్నీ ఉన్నాయి. ఇలాంటి కోర్సుల బ్రోషర్లు దాదాపు అన్నీ ఒకటే కూడా: నేషనల్ బిల్డింగ్ కోడ్ (ఎన్‌బీసీ) 2016, కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456, భూకంపాన్ని తట్టుకునేలా కడ్డీలు కట్టడానికి కోడ్ ఐఎస్ 13920, ఫైర్, రిపోర్ట్ రాయడం. నేను రాయాలనుకున్నది ఆ ఇన్‌స్టిట్యూట్ వెనకాల ఉన్న యార్డ్ గురించి. కోర్సు పూర్తయి రెండేళ్లు దాటింది. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. పోరూరు, పూనమల్లి వైపు సైట్లు ఎక్కువగా నాకే పడతాయి. ఆ యార్డ్‌లో నేర్చుకున్నది వాడని వారం లేదు.

మా బ్యాచ్‌లో అందరం దాన్ని తప్పుల యార్డ్ అనేవాళ్లం. కాంక్రీట్ పోయని కాలమ్‌లు, బీమ్‌లు, ఒక స్లాబ్ ముక్క, ఒక మెట్ల వరస, ఒక ఎలక్ట్రికల్ షాఫ్ట్, రెండు తలుపులు. అన్నీ అసలు సైజులోనే కట్టి, కావాలని తప్పులు పెట్టి ఉంచారు. చేతికి ఒక టేపు, ఒక టార్చ్, ఒక ఫారం ఇచ్చి లోపలికి పంపేవారు. ఫారంలో ఐదు గళ్లు: తప్పు ఎక్కడుంది, కొలిస్తే ఎంత వచ్చింది, ఎంత ఉండాలి, ఏ క్లాజ్ లేదా ఏ డ్రాయింగ్ ప్రకారం, ఫొటో నంబర్ ఎంత. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ లైన్ కొట్టేసేవారు. "పని సరిగా లేదు", "క్వాలిటీ తక్కువ" అని రాసినా అంతే.

తప్పులు కూడా ఊరికే పెట్టినవి కావు. కాలమ్ రింగుల (నిలువు కడ్డీలను చుట్టి కట్టే కడ్డీల) కొక్కేలు 135 డిగ్రీలు వంచాల్సింది, కొన్ని 90 దగ్గర ఆపారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కాలమ్‌కు 40 మిల్లీమీటర్ల కవర్ (కడ్డీ మీద కాంక్రీట్ మందం) ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. అక్కడ మూడు వైపులా సరైన బ్లాకులే కట్టి, గోడవైపు మాత్రం 25 మిల్లీమీటర్ల బ్లాకులు కట్టారు. టార్చ్ వేసి వెనక్కి వెళ్లి చూస్తేనే దొరుకుతుంది. మెట్లు డ్రాయింగ్‌లో ఒక్కొక్కటి 165 మిల్లీమీటర్ల ఎత్తు. కట్టినవాటిలో ఒకటి 185. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 వరకు ఉండొచ్చని ఎన్‌బీసీ అంటుంది కాబట్టి పరిమితి దాటలేదని చాలామంది వదిలేశారు. కరెంటు పోయినప్పుడు, పొగ కమ్మినప్పుడు పరుగున దిగే మనిషి కాలు తప్పేది సరిగ్గా మిగతావాటికంటే ఎత్తు తేడాగా ఉన్న ఆ మెట్టు దగ్గరే. ఎగ్జిట్ తలుపు వెడల్పు, ఎత్తు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ జనం వెళ్లే వైపు కాకుండా లోపలికి తెరుచుకుంటుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది వేరే. ఆ యార్డ్‌లో ఒక కాలమ్‌లో ఏ తప్పూ లేదు. ఆ సంగతి ముందు చెప్పరు. మా బ్యాచ్‌లో సగం మంది దాని మీద కూడా ఏదో ఒకటి రాశారు. రింగులు నిటారుగా లేవని ఒకరు, బైండింగ్ వైరు తక్కువని ఒకరు. క్లాస్ తీసుకునే సార్ పబ్లిక్ వర్క్స్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఫారాలు చేతిలో పెట్టుకుని తమిళంలో మెల్లగా అన్నారు: "ఇప్పుడు వీళ్లు విప్పి మళ్లీ కడతారు. ఒక రోజు కూలి పోతుంది. ఇక మీ రిపోర్ట్ వచ్చే వారం ఎవరు చదువుతారు?" తప్పు పట్టుకోవడం ఎలాగో ప్రతి కోర్సూ చెబుతుంది. లేని తప్పు రాయకుండా ఉండటం కూడా ఇన్‌స్పెక్టర్ పనేనని నేర్పింది ఇదొక్కటే.

ఈ పని నాకు ఎందుకు ఇంత ముఖ్యమో కూడా చెప్పాలి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో చాలామంది ఆంధ్రా నుంచి పనికి వచ్చిన కూలీలు. పక్కనే ఉన్న రెండో టవర్‌ను 2016 నవంబర్‌లో పేల్చి పడగొట్టారు. నా సైట్లు చాలావరకు ఆ చుట్టుపక్కలే. కడ్డీలు కట్టేవాళ్లలో, సెంట్రింగ్ కొట్టేవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. రాత్రి నిద్రపోయేది కూడా చాలాసార్లు ఆ కడుతున్న బిల్డింగ్ కిందే. ఫారంలో నేను నింపే గడి ముందు వాళ్ల కోసమే, ఫ్లాట్ కొనేవాళ్లు ఆ తర్వాత.

యార్డ్ ఎంత పనికొచ్చిందో ఒక్క సైట్ సంగతి చెబితే చాలు. స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తులు. మరుసటి రోజు పొద్దున్నే మూడో స్లాబ్. రెడీమిక్స్ లారీలు బుక్ అయిపోయాయి. సాయంత్రం నేను చెకింగ్‌కు వెళ్లాను. స్లాబ్ కడ్డీలు, కవర్ బ్లాకులు, కరెంటు పైపులు అన్నీ బాగున్నాయి. రోడ్డువైపు అంచున ఉన్న కాలమ్ దగ్గర మాత్రం, బీమ్‌లు వచ్చి కలిసే చోట టార్చ్ వేసి చూస్తే రింగులు లేవు. 300కి 600 మిల్లీమీటర్ల కాలమ్. డ్రాయింగ్‌లో 8 మిల్లీమీటర్ల రింగులు 75 దూరంలో జాయింట్ లోపల కూడా కొనసాగాలని ఉంది. సైట్‌లో బీమ్ అడుగు దాకా వచ్చి ఆగిపోయాయి. 450 లోతు బీమ్, ఐదు రింగులైనా ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు. ఆ వరసలోని మిగతా అంచు కాలమ్‌లూ అంతే.

సైట్ ఇంజనీర్ కుర్రాడు వెంటనే కోడ్ తీశాడు. నాలుగు వైపులా బీమ్‌లు ఉంటే సడలింపు ఉంది కదా మేడం అన్నాడు. ఆ మాట నిజమే. నాలుగు వైపులా బీమ్‌లు వచ్చి, ఒక్కో బీమ్ వెడల్పు కాలమ్ వెడల్పులో కనీసం నాలుగింట మూడు వంతులు ఉంటే రింగుల దూరాన్ని రెట్టింపు చేయొచ్చు, అదీ 150 దాటకుండా. అంచు కాలమ్‌కు మూడు వైపులే బీమ్‌లు ఉంటాయి. సడలింపు వర్తించినా రింగులు తగ్గుతాయే కానీ అసలు లేకుండా పోవు. సరిగ్గా ఈ రెండు రకాల జాయింట్లూ యార్డ్‌లో పక్కపక్కనే కట్టి ఉండేవి. ఒకదాని మీద ఫారం నింపమని, రెండోదాని మీద ఎందుకు నింపకూడదో చెప్పమని సార్ అడిగేవారు. అందుకే ఆ సాయంత్రం నాకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

కడ్డీల మేస్త్రిది టెక్కలి వైపు. "ఏం అన్నా, ఇక్కడ రింగులు ఎందుకు పడలేదు?" అని తెలుగులో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "తర్వాత వేద్దామంటే పడవు మేడం, బీమ్ రాడ్లు అడ్డొస్తాయి. బీమ్ కడ్డీల కేజ్ దించకముందే వేసుకుని దించాలి. ఆ రోజు కట్ చేసిన రింగులు రాలేదు. పర్లేదు కానియ్ అన్నారు." ఇప్పుడు కేజ్ పైకి లేపగలమా అంటే, చైన్ పుల్లీ పెడితే లేస్తుంది, రాత్రంతా పడుతుంది అన్నాడు.

ఈలోగా బిల్డర్ మా ఎండీ గారికి ఫోన్ చేశారు. నాకు టెన్షన్‌గానే ఉంది. ఎండీ గారు నన్ను అడిగింది ఒకటే, ఐదు గళ్లూ నింపావా అని. నింపాను. దానితో పాటు ఆ అంతస్తులో సరిగా ఉన్న జాయింట్లన్నిటినీ కొలిచి, అవి సరిగా ఉన్నాయని అదే షీట్‌లో రాశాను. స్ట్రక్చరల్ ఇంజనీర్ కాంక్రీట్ పోయొద్దని గంటలోపే జవాబిచ్చారు. తర్వాత ఎప్పుడో కలిసినప్పుడు ఆయన చెప్పారు, సరిగా ఉన్నవాటి కొలతలు కూడా కనిపించాయి కాబట్టే సైట్‌కు రాకుండానే నిర్ణయం తీసుకోగలిగానని. లారీలు రద్దయ్యాయి. కేజ్‌లు లేపి రింగులు వేశారు. లేపడం కుదరని ఒక మూలకు ఏం చేయాలో ఆయనే స్కెచ్ గీసి పంపారు. స్లాబ్ ఆలస్యంగా పడింది, కానీ పడాల్సిన విధంగా పడింది. ఆ సైట్ ఇంజనీర్ ఇప్పుడు కాంక్రీట్‌కు ముందు తనే ఫోన్ చేసి, కేజ్ దించేటప్పుడే వచ్చి చూడమంటాడు.

ఇంత చెప్పాక మిగతా సంగతులు కూడా చెప్పాలి.

యార్డ్ గోడ మీద ఒక పెద్ద పోస్టర్ ఉంది, రింగు కొక్కెం బొమ్మతో. వంపు తర్వాత కడ్డీ మందానికి పది రెట్లు, కనీసం 75 మిల్లీమీటర్లు ఉండాలని అందులో రాసి ఉంటుంది. అది 1993 నాటి ఐఎస్ 13920. 2016లో వచ్చిన సవరణ ప్రకారం ఆరు రెట్లు, కనీసం 65. అంటే 8 మిల్లీమీటర్ల రింగుకు ఇప్పుడు 65 చాలు, పోస్టర్ లెక్కలో 80 కావాలి. ఎక్కువ ఉంటే నష్టమేంటి అనుకోవచ్చు. కానీ ఆ పోస్టర్ నమ్మి సైట్‌కు వెళ్లినవాళ్లు సరిగా ఉన్న రింగును తప్పని రాస్తారు. లేని తప్పు రాయొద్దని నేర్పే చోటే ఆ పోస్టర్ ఉండటం నాకు మింగుడుపడలేదు. చెబితే మారుస్తామన్నారు. తర్వాత వేరే పని మీద వెళ్లినప్పుడు కూడా అదే ఉంది. ఐఎస్ కోడ్‌లు ఇప్పుడు వాటిని ప్రచురించే బీఐఎస్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, కాబట్టి హ్యాండవుట్ల మీద ఆధారపడకుండా అక్కడే చూసుకోండి.

రెండోది ఇంకా పెద్ద లోటు. క్లాసులో ఎన్‌బీసీని చట్టంలా చెబుతారు. ఎన్‌బీసీ దానంతట అది చట్టం కాదు. రాష్ట్రం తన రూల్స్‌లో తీసుకున్నంత మేరకే అమలవుతుంది. ఎన్‌బీసీ దృష్టిలో 15 మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్ (ఎత్తైన భవనం). తమిళనాడు 2019 కంబైన్డ్ డెవలప్‌మెంట్ అండ్ బిల్డింగ్ రూల్స్‌లో 18.30 మీటర్లు దాటితేనే హైరైజ్. ఈ రెండింటి మధ్య ఎత్తులో చెన్నైలో లెక్కలేనన్ని బిల్డింగులు ఉన్నాయి. వాటి రిపోర్ట్‌లో ఏది రాయాలి, ఏది సలహాగా మాత్రమే చెప్పాలి అన్నది మాకు ఒక్క సాయంత్రంలో హడావుడిగా చెప్పి వదిలేశారు. నేను ఉద్యోగంలో సీనియర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. బెంగళూరు నుంచి వచ్చి చేరేవాళ్లకు ఇదే ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. భూకంప జోన్లు చూపే ఐఎస్ 1893 2016 మ్యాప్‌లో చెన్నై జోన్ 3, బెంగళూరు జోన్ 2. ఐఎస్ 13920 తప్పనిసరి అయ్యేది జోన్ 3 నుంచే. క్లాసులో మాత్రం ఈ తేడా ఊసే ఉండదు.

ఫైర్ భాగం పెద్దగా ఏమీ లేదు. వీడియోలు చూపించారు. యార్డ్‌లోని ఆ తలుపులు, షాఫ్ట్ తప్ప చేత్తో పట్టుకుని చూసింది లేదు.

అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి ఈ మధ్య తెలిసింది. మా ఆఫీసులో చేరిన ఒక అమ్మాయిని నేనే పట్టుబట్టి ఈ కోర్సుకు పంపించాను. ఆమె బ్యాచ్‌కు ఆ సార్ లేరు. కేజ్‌లు వానలకు తుప్పు పట్టాయని యార్డ్‌లోకి కొద్దిసేపే తీసుకెళ్లారట. మిగతాదంతా స్లైడ్లలో చూపించారట. తప్పు లేని కాలమ్ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. నేను ఇంతసేపూ మెచ్చుకున్నది కోర్సునా, ఆ ఒక్క మనిషినా అని అప్పటినుంచి నాకు సందేహంగానే ఉంది.

కాబట్టి నా మాటను నా పరిస్థితితో కలిపి చదవండి. చేరేటప్పటికే నాకు సైట్ అనుభవం ఉంది, డ్రాయింగ్ చదవడం వచ్చు. ఫీజులో సగం కంపెనీ కట్టింది. క్లాసులు సగం ఇంగ్లీషు, సగం తమిళం. నెల్లూరు దాన్ని కాబట్టి తమిళంతో నాకు ఇబ్బంది లేదు, తెలియనివాళ్లకు యార్డ్‌లో మాటలు అందుకోవడం కష్టం. కాలేజీ నుంచి నేరుగా వచ్చేవాళ్లు ముందు ఏదైనా సైట్‌లో కొన్నాళ్లు చేసి తర్వాత చేరడం మంచిది. ఈ సర్టిఫికెట్‌తో క్వాలిటీ ఆడిటర్‌గానో, స్ట్రక్చరల్ ఇంజనీర్‌గానో రిజిస్ట్రేషన్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి డిగ్రీ, అనుభవం విడిగా చూపించాలి.

చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఒక శనివారం అక్కడికి వెళ్లి యార్డ్ చూపించమని అడగండి. ఈ బ్యాచ్‌కు అందులో ఎన్ని గంటలు ఇస్తారో, ఫారాలు ఎవరు దిద్దుతారో కనుక్కోండి. గోడ మీది పోస్టర్‌లో ఆరు రెట్లని ఉందో, పది రెట్లని ఉందో కూడా చూడండి.