పెరియమేట్‌లో కుట్టించిన బ్యాగు, అండమాన్‌లో చివరి నాలుగు రోజులు

చెన్నైలో పాత ట్రెక్కింగ్ బ్యాగు బాగుచేయించాలంటే ఎక్కడికి వెళ్లాలి అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లో, పెరియమేట్‌లో, సిడెన్‌హామ్స్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది ఈ మరమ్మతు కొట్టు. చుట్టూ తోలు సరుకు అమ్మే దుకాణాలు. లోపల ఒక కుట్టు మిషను, ఒక చెక్క బల్ల, పైన వరసగా కొక్కేలు, అంతే. బోర్డు లేదు. కుట్టే ఆయనకి అరవై దాటి ఉంటాయి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నేను ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే విని, "మనోళ్లేనా అమ్మా?" అని అడిగారు. అప్పట్నుంచి నాకు ఆయన బాబాయ్.

బ్యాగు మా అన్నయ్యది. యాభై లీటర్లది, 2012లో కొన్నాడు. పెళ్లయ్యాక ట్రెక్కింగులు మానేసి దాన్ని మడిచి అటక మీద పడేశాడు. ఈ ఫిబ్రవరిలో నేనూ మా పిన్ని కూతురూ తొమ్మిది రోజులు అండమాన్ వెళ్దామని టికెట్లు తీసుకున్నాక కిందికి దించితే, లోపలి పూత ఉల్లిపొరలా రాలుతోంది. చెయ్యి పెడితే జిగురు. కుడి భుజం పట్టీ కింద కుట్టు సగం ఊడింది. నడుం బెల్టు క్లిప్పు ఒక కొమ్ము విరిగింది. జిప్పు రన్నర్ సగం దాకా వచ్చి వెనక పళ్లు విడిపోతున్నాయి. ఒక పెద్ద స్పోర్ట్స్ షాపుకి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి జిప్పు కూడా తీసి చూడలేదు. "ఇవి రిపేర్ అవ్వవు మేడమ్, కొత్తది తీసుకోండి" అని ఆరు వేల బ్యాగు చూపించాడు. అన్నయ్య ఆ బ్యాగుతో ఎన్ని కొండలెక్కాడో నాకు తెలుసు. పారేయడానికి మనసు ఒప్పలేదు.

బాబాయ్ మాత్రం పావుగంట చూశారు. బ్యాగు తిరగేసి, ప్రతి కుట్టు మీదా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. ముందు తన వల్ల కానిది చెప్పారు. లోపలి పూత మళ్లీ వేయడం కుదరదట. "మన ఊరి తేమకి ఇది ఇట్లాగే పోతుందమ్మా. వాడకుండా మడిచి పెడితే ఇంకా తొందరగా పోతుంది. గాలి తగిలేలా వేలాడదీయాలి." ఊడినంత పూతని గుడ్డతో రుద్ది తీసేయమన్నారు. వాన కవరుని నమ్ముకోవద్దని, బట్టలన్నీ మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి మెలితిప్పి కట్టమని చెప్పారు. ఆ సలహాకి డబ్బులేం తీసుకోలేదు.

పట్టీ కుట్టేటప్పుడు పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాను. ముందు పాత దారం ఒక్కొక్క పోగే బ్లేడుతో తెంపి పూర్తిగా తీసేశారు. పాత కుట్టు మీదే కొత్త కుట్టు వేస్తే గుడ్డ చిల్లులు పడి చిరుగుతుందట. పీచులుగా విడిపోయిన పట్టీ చివర కత్తిరించి, కొవ్వొత్తి మంట దగ్గర పెట్టారు. నైలాన్ కరిగి అంచు గట్టిపడింది. అది వేడిగా ఉండగానే వేళ్ల మధ్య నొక్కి చదును చేశారు. బ్యాగు లోపలి వైపు అరచేతిలో సగమంత బెల్టు ముక్క ఆనించి, పట్టీని దానితో కలిపి మిషను మీద చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేశారు. నేను అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ చెప్పులు కుట్టే ఆరె తీసి, మైనం పట్టించిన లావు దారంతో ఆ చతురస్రం చుట్టూ చేత్తో ఇంకో వరస వేశారు. నీలం దారం అయిపోయిందని ఎర్రది వాడారు. చివర్లో బ్యాగుని కొక్కేనికి తగిలించి, ఆ పట్టీ పట్టుకుని కాళ్లు నేల మీంచి లేచేదాకా వేలాడారు.

"ఇది ఎందుకు తెగిందో తెలుసా?" అని అడిగారు. నాకు తెలీదు. బ్యాగు ఎత్తేటప్పుడు అందరం ఒక భుజం పట్టీ పట్టుకుని గుంజుతాం, ఆ బరువంతా కింది కుట్టు మీదే పడుతుంది. పైన మెడ దగ్గర చిన్న పిడి ఉండేది ఎత్తడానికే. పన్నెండేళ్లు ఇంట్లో ఉన్న బ్యాగుకి ఆ పిడి ఎందుకో నాకు ఆరోజే తెలిసింది.

పట్టీకి 150, నడుం క్లిప్పుకి 60, రన్నర్ మార్చినందుకు 80. మొత్తం 290 రూపాయలు.

ఇక చివరి నాలుగు రోజులు. మొదటి ఐదు రోజులు హావ్‌లాక్‌లో బ్యాగు ఎక్కువగా గదిలోనే ఉంది, దానికి పరీక్షేమీ లేదు. ఆరో రోజు అక్కణ్ణుంచి నీల్ దీవికి పడవ. 2018 డిసెంబరులో ఈ రెండు దీవులకీ స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు, అయినా అక్కడ మాకు హావ్‌లాక్, నీల్ అనే ఎక్కువ వినపడింది. పడవలో పెద్ద బ్యాగులన్నీ ఒకచోట గుట్టగా వేశారు. నీల్ జెట్టీలో దిగాక ఒకతను ఆ గుట్టలోంచి నా బ్యాగు లాగాడు. పైన ఇంకో మూడు బ్యాగులున్నాయి. ఆ లాగడం సరిగ్గా ఆ కుడి పట్టీ పట్టుకునే. నాకు గుండె జారిపోయింది. పక్కకి తీసుకెళ్లి మొదట ఆ ఎర్ర కుట్టు తడిమి చూశాను. ఒక్క పోగు కదల్లేదు.

అక్కణ్ణుంచి లక్ష్మణ్‌పూర్ వైపు మా గదికి నడిచే వెళ్లాం. ఆటోలున్నాయి, కానీ ఆ దీవి నడవడానికే బాగుంటుంది. రెండు పక్కలా పోకచెట్లు, కూరగాయల మళ్లు. అండమాన్‌కి కూరగాయలు పండించే దీవి అని దానికి పేరు. పదమూడు కిలోల బరువుతో మిట్టమధ్యాహ్నం నడిచినా భుజాలు గుంజలేదంటే అది నడుం బెల్టు వల్లే. క్లిప్పు బిగించి బరువు తుంటి మీదికి దింపితే భుజాలకి పెద్దగా పనుండదు. క్లిప్పు విరిగిన బ్యాగుతో వెళ్లుంటే ఆ దారి నాకు నరకమయ్యేది.

ఏడో రోజు మధ్యాహ్నం దీవికి అటు చివర సీతాపూర్ వైపు గదికి మారాలి. అందుకని పొద్దున్నే గది ఖాళీ చేసి బ్యాగులతోనే సహజ రాతి వంతెన చూడ్డానికి పోయాం. ఆ పని చేయకండి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవగలం. దారంతా చచ్చిన పగడపు రాళ్లు, మధ్య మధ్య నీటి గుంటలు, రాళ్ల మీద పాచి. గుంటల్లో చిన్న చిన్న చేపలు, నల్లటి సముద్ర దోసకాయలు కదులుతున్నాయి. వాటిని చూస్తూ అడుగేసి జారి, వెల్లకిలా ఒక గుంటలో పడ్డాను. నాకేం కాలేదు, బ్యాగు నా కింద దిండులా ఉంది. కానీ అది సగం దాకా ఉప్పునీళ్లలో మునిగింది.

సీతాపూర్ చేరి విప్పి చూస్తే పాలిథిన్ సంచిలో బట్టలు పొడిగా ఉన్నాయి. ఒక్క సాక్సు కూడా తడవలేదు. జిప్పు మాత్రం సాయంత్రానికి తెల్లగా ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. దీనిక్కూడా బాబాయ్ ముందే చెప్పారు: గుంజొద్దు, మంచినీళ్లతో కడుగు, ఆరాక కొవ్వొత్తి రుద్దు. ఇంటావిడని అరబకెట్ నీళ్లడిగి పాత టూత్ బ్రష్‌తో పళ్లన్నీ కడిగాను. బజార్లో పది రూపాయల కొవ్వొత్తి తెచ్చి రెండు వైపులా రుద్దాను. రన్నర్ మొదట వేలెడు కదిలింది, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. నాలుగోసారికి ఈ చివర నుంచి ఆ చివరికి జర్రున పోయింది. ఆ చప్పుడు విని మా చెల్లి బయట్నుంచి పరిగెత్తుకొచ్చింది.

తను ఆరోజు ఏరిన రెండు పగడపు ముక్కల్ని మాత్రం అక్కడే ఒడ్డున వదిలిపెట్టించాను. చచ్చిన పగడమైనా అండమాన్ నుంచి తీసుకురాకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎయిర్‌పోర్టులో సామాను స్కాన్ చేస్తారు.

ఎనిమిదో రోజు సీతాపూర్‌లో సూర్యోదయం చూసి పోర్ట్ బ్లెయిర్‌కి పడవెక్కాం. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. అబర్దీన్ బజార్లో టిఫిన్ తింటుంటే మా మాటలు విని హోటలాయన, "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు. శ్రీకాకుళం మనిషి. ఆ బజార్లో ఎటు చూసినా తెలుగు వినపడుతుంది. చట్నీ రెండోసారి అడగకుండానే వేశాడు. నీల్‌లో నా ఫోన్‌కి సిగ్నల్ సరిగా లేదు, ఇక్కడ బాగా వచ్చింది. చెన్నై నుంచి ఈ దీవులకి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. ఆ ఎర్ర కుట్టు ఫోటో తీసి బాబాయ్ వాళ్లబ్బాయి వాట్సాప్‌కి పంపాను. పది నిమిషాల్లో బాబాయ్ గొంతుతో ఆడియో వచ్చింది: "కుట్టు సరే అమ్మా, నడుం క్లిప్పు ఎట్లుంది?"

అప్పటికి బాగానే ఉంది. తొమ్మిదో రోజు చెన్నైలో దిగి, బెల్టు మీద బ్యాగు వచ్చేసరికి క్లిప్పుకి ఒక పక్క పగులు. ఎక్కడ నలిగిందో తెలీదు. కుట్టించేటప్పుడే బాబాయ్ "ఇది మామూలు ప్లాస్టిక్, గట్టి రకం దొరకడం లేదు" అని చెప్పారు. కాబట్టి మీరు వెళ్తే క్లిప్పు మీరే మంచిది కొనుక్కుని ఇవ్వండి. విమానంలో వేసేముందు నడుం బెల్టుని వెనక్కి తిప్పి కట్టేయండి, నేను అది చేయలేదు.

ఇంకో ఇబ్బంది టైము. రెండు రోజులన్నారు, ఐదు రోజులు పట్టింది. ప్రయాణం దగ్గర పడి నాకు బాగా టెన్షన్ అయింది. రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. ఆయన ఒక్కరే కుడతారు, పని ఎవరికీ అప్పగించరు. కనీసం పదిహేను రోజులు ముందుగా ఇవ్వండి. ఆదివారం ఉండరు. లోపల అల్యూమినియం కమ్మీలున్న బ్యాగుల్లో కమ్మీ వంగితే అది ఆయన పని కాదు, తీసుకోరు. దారం రంగు కలవాలని పట్టుబట్టేవాళ్లు దారం మీరే తీసుకెళ్లండి. నాకైతే ఆ ఎర్ర చతురస్రం ఇప్పుడు బ్యాగులో అన్నిటికంటే ఇష్టమైన చోటు.

నిన్న సాయంత్రం క్లిప్పు మార్పించడానికి వెళ్లాను. బాబాయ్ క్లిప్పు సంగతి తర్వాత చూద్దామని ముందు పట్టీ తిరగేశారు. కళ్లజోడు పైకి నెట్టి, వెలుతురులో పెట్టి, చేతికుట్టులో ఒకచోట దారం కొంచెం వదులైందని చూపించారు. నాకు ఎంత చూసినా కనపడలేదు. ఆ ఒక్క వరసా మళ్లీ విప్పి కుట్టి ఇస్తానన్నారు, దానికి డబ్బొద్దన్నారు. బ్యాగు అక్కడే వదిలి వచ్చాను. మా చెల్లి కాలేజీ బ్యాగు కూడా ఇచ్చాను. రెండూ పక్కపక్కన కొక్కేలకి వేలాడుతున్నాయి.