వెన్నుపాముకి స్పెక్ట్రోస్కోపీ: కదలకుండా పడుకోగలిగితే తప్పకుండా చేయించుకోండి

మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి చేతివేళ్ళు మొద్దుబారడం మొదలయ్యాక నాకు మామూలు ఎమ్మారై రెండుసార్లు తీశారు. ఎక్కడ నొక్కుకుందో, ఎంత నొక్కుకుందో బాగానే కనిపించింది. లోపల నాడీకణాలు ఎలా ఉన్నాయన్నది మాత్రం ఆ బొమ్మల్లో తెలియలేదు. అందుకే పరిశోధన కోసం ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీకి, అంటే ఎమ్మారై మెషీన్‌తోనే కణాల్లోని రసాయన పదార్థాల్ని కొలిచే పరీక్షకి, వస్తారా అని అడగగానే సరేనన్నాను.

మెషీన్ అదే, 3 టెస్లాది (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). ఇంజెక్షన్ లేదు, రేడియేషన్ లేదు. కాకపోతే ఇందులో బొమ్మకి బదులు గ్రాఫ్ వస్తుంది. ఒక్కో శిఖరం ఒక్కో పదార్థం: గ్రాఫ్ అడ్డగీత మీద 2.0 (పీపీఎం) దగ్గర ఎన్‌ఏఏ (ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్), 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్. ఎన్‌ఏఏ ముఖ్యంగా నాడీకణాల్లోనే ఉంటుంది కాబట్టి అది తగ్గితే ఆ కణాలకి దెబ్బ తగిలిందని అనుమానించాలి. నాకు కావాల్సిన సమాచారం సరిగ్గా ఇదే.

వెన్నుపాముతో ఇబ్బందేమిటంటే అది చిటికెన వేలంత లావు కూడా ఉండదు, చుట్టూ ఎముకలు, ద్రవం, పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త కదులుతుంది. వాళ్ళు సిగ్నల్ తీసుకునే ముక్క ఒకటి రెండు మిల్లీలీటర్లే, అంటే అర టీస్పూను కూడా కాదు. అందుకని వేలికి పల్స్ క్లిప్ పెట్టి, గుండె లయని బట్టి సిగ్నల్ తీసుకున్నారు. అసలు సిగ్నల్ కంటే ఆ చోట అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడానికే, షిమ్మింగ్ అంటారు, ఎక్కువసేపు పట్టినట్టనిపించింది.

ఒక మార్కు తగ్గిస్తున్నాను, కారణం చెబుతాను. సిగ్నల్ తీస్తున్నప్పుడు గుటక వేయకూడదని ముందు ఎవరూ చెప్పలేదు. నోరెండిపోయి నేను మూడు నాలుగుసార్లు మింగాను, మొదటి గ్రాఫ్ మొత్తం పాడైంది, మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. నిజంగా కోపం వచ్చింది. తర్వాత టెక్నీషియన్ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించారు: మొదటిది పిచ్చిగీతల్లా ఉంది, రెండోదాంట్లో ఎన్‌ఏఏ శిఖరం నిటారుగా నిలబడింది. నా వెన్నుపాములో ఇంకా పనిచేస్తున్న కణాలున్నాయని కళ్ళతో చూసినట్టే అనిపించి కళ్ళు చెమర్చాయి.

ఇది ఇంకా పరిశోధన దశలోదే, దీన్నిబట్టి ఆపరేషన్ నిర్ణయించరు, నాకు రిపోర్టు కూడా ఇవ్వలేదు. అది ముందే తెలుసుకుని వెళ్ళండి. గుటక ఎప్పుడు వేయొచ్చో అడగండి, మోకాళ్ళ కింద దిండు పెట్టించుకోండి, నడుము లాగదు.