కళ్ళజోడు తీసేస్తేనే రాకుమారి అవుతుందా?

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టాం. శనివారం రాత్రి ఒక సినిమా, ఇద్దరం పక్కపక్కన కూర్చుని, అయ్యేదాకా ఫోను ముట్టుకోకుండా. ఇప్పుడు దానికి పన్నెండు దాటింది. ఈ నాలుగేళ్ళలో ఎక్కువగా చూసినవి ఆ వయసు ఆడపిల్లల కోసం తీసిన సరదా సినిమాలే. కొన్నిటిని రెండేసి, మూడేసి సార్లు చూశాం. ఒకసారి చూసి చెప్పే అభిప్రాయం వేరు, పిల్ల పెరుగుతుండగా మళ్ళీ మళ్ళీ చూశాక వచ్చేది వేరు. రెండోది చెబుదామనే ఇది రాస్తున్నాను.

మొదట్లో నేను రేటింగ్ చూసి ఎంచుకునేదాన్ని. అమెరికా సినిమాలకు జి అని ఉంటే అందరూ చూడొచ్చు, పీజీ అంటే పెద్దవాళ్ళు కాస్త గమనించుకోవాలి, పీజీ-13 అంటే పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో జాగ్రత్త. ఈ మూడోది 1984లో వచ్చింది. బూతులు, కొట్లాటలు, పెద్దల వ్యవహారాలు ఎంతవరకు ఉన్నాయో ఆ అక్షరాలు చెబుతాయి. అంతవరకు అవి పనికొచ్చాయి. కానీ సినిమాలో ఎవరిని చూపించి నవ్విస్తున్నారో ఏ రేటింగూ చెప్పదు. పదేళ్ళ పిల్లకు తగిలేది సరిగ్గా అదే.

నాకు ఇది అర్థమైంది 2001లో వచ్చిన 'ద ప్రిన్సెస్ డైరీస్'తో. గ్యారీ మార్షల్ తీసిన సినిమా, ఆన్ హాథవే, జూలీ ఆండ్రూస్ నటించారు. రేటింగ్ జి. ఎవరి కంటా పడకుండా తిరిగే మియా అనే బడిపిల్లకు, తాను ఒక చిన్న రాజ్యానికి వారసురాలినని తెలుస్తుంది. రాణి అయిన నాయనమ్మ ఆమెను తీర్చిదిద్దడానికి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అప్పటికి కళ్ళజోడు వచ్చి నాలుగు నెలలే అయింది. మేకోవర్ సీన్‌లో మియా ఒత్తు జుట్టుకు దువ్వెన బ్రష్ విరిగిపోతుంది. ఆ జుట్టు సరిచేసే ఆయన ఆమె కళ్ళజోడును రెండు ముక్కలు చేసేస్తాడు. జుట్టు సాపు చేస్తారు, కనుబొమలు సన్నగా దిద్దుతారు, ఇక కాంటాక్ట్ లెన్సులే పెట్టుకోవాలంటారు. నేను నవ్వుతున్నాను. మా అమ్మాయి నవ్వలేదు. సినిమా అయ్యాక పళ్ళు తోముకుంటూ అడిగింది, "అమ్మా, కళ్ళజోడు తీసేస్తేనే బాగుంటారా?"

ఏదో చెప్పి పడుకోబెట్టాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత గమనిస్తే ఇలాంటి సీను ఎన్ని సినిమాల్లో ఉందో! పిల్ల మామూలుగా ఉంటుంది, జుట్టు మారుస్తారు, కళ్ళజోడు తీస్తారు, పాట వస్తుంది, ఆమె మెట్లు దిగుతుంటే అందరూ తలెత్తి చూస్తారు. పెద్దవాళ్ళకది రెండు నిమిషాల సరదా. అద్దం ముందు రోజుకు పదిసార్లు నిలబడే వయసులో ఉన్న పిల్లకు, నీలో ఏదో సరిచేయాల్సింది ఉందని చెప్పినట్టు ఉంటుంది.

అయినా ఆ సినిమాను మేం వదిలేయలేదు. పదకొండేళ్ళకు మళ్ళీ తనే అడిగి పెట్టించుకుంది. ఈసారి దాని కళ్ళు వేరేచోట ఆగాయి. మారిపోయిన మియాను చూసి ప్రాణస్నేహితురాలికి కోపం వస్తుంది. సముద్రం ఒడ్డున బట్టలు మార్చుకుంటుంటే తోటి అమ్మాయిలు ఆమె చుట్టూ ఉన్న మరుగును లాగేస్తే, ఫొటోలు తీసేవాళ్ళు ఎగబడతారు. "ఇది సరదా కాదు, ఏడిపించడం" అంది మా అమ్మాయి గట్టిగా. చివర్లో మియా వానలో తడిసి ముద్దై, మామూలు బట్టల్లోనే ఆ రాజ్యం తరఫున ఇచ్చే విందుకు వచ్చి అందరి ముందూ మాట్లాడుతుంది. "ఇక్కడ జుట్టు చెదిరిపోయి ఉంది కదా, అయినా అందరూ వింటున్నారు" అని తనే అంది. ఒకే సినిమాలో గాయం చేసేదీ, దానికి జవాబూ రెండూ ఉన్నాయి. అయితే తొమ్మిదేళ్ళకు మొదటిదే కనిపిస్తుంది. అందుకే దీన్ని పదకొండుకు ముందు పెట్టొద్దంటాను. పెడితే పక్కన కూర్చోండి.

'ద పేరెంట్ ట్రాప్' గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. నాన్సీ మేయర్స్ 1998లో తీసింది, లిండ్సే లోహన్ కవలలిద్దరిగా నటించింది. విడిపోయిన అమ్మానాన్నల దగ్గర ఒక్కొక్కరుగా పెరిగిన అక్కచెల్లెళ్ళు వేసవి క్యాంపులో కలుస్తారు, ఒకరి చోటికి ఒకరు వెళతారు, పెద్దవాళ్ళను మళ్ళీ కలుపుతారు. దీనికి ముందు 1961లో ఇదే పేరుతో సినిమా వచ్చింది. రెండిటికీ మూలం ఎరిక్ కాస్ట్నర్ 1949లో రాసిన జర్మన్ పిల్లల నవల. మా అమ్మ కూడా ఆ రోజు మాతో కూర్చుంది. అరగంట కాగానే, "ఇది మన లేతమనసులు కదే!" అంది. నిజమే, 1966 నాటి 'లేతమనసులు' ఈ కథే. అందులో కవలలుగా వేసింది కుట్టి పద్మిని. 'పిల్లలూ దేవుడూ చల్లనివారే' పాట ఆ సినిమాలోదేనని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. అమ్మమ్మ పాడి వినిపించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

సినిమా హాయిగా ఉంటుంది, కాదనను. క్యాంపులో ఒకరినొకరు ఏడిపించుకోవడం, ఒకే ఫొటోలోని రెండు ముక్కలు కలిపి చూసుకోవడం ఎన్నిసార్లు చూసినా బాగుంటాయి. కానీ రెండోసారి చూసిన రోజు మా అమ్మాయి స్నేహితురాలు కూడా వచ్చింది. వాళ్ళ అమ్మానాన్నలు ఆ మధ్యే విడిపోయారు. నాకు ఆ సంగతి తెలుసు, తెలిసి కూడా ఆలోచించలేదు. చివర్లో అమ్మానాన్నలు కలిసిపోయి మా పిల్ల చప్పట్లు కొడుతుంటే, ఆ పిల్ల చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను అడిగింది: "ఆంటీ, వాళ్ళు గట్టిగా ప్లాన్ వేశారు కాబట్టి కలిశారా?"

నేను దాని పక్కన కూర్చుని, పెద్దవాళ్ళు విడిపోయేది పిల్లల వల్ల కాదమ్మా, కలపాల్సిన బాధ్యత కూడా పిల్లలది కాదు అని చెప్పాను. విన్నది. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. ఇలాంటి ఇంటి పిల్లలు ఉంటే ఈ సినిమా పెట్టకండి. పెట్టాలనుకుంటే ముందే మాట్లాడండి. నాన్న పెళ్ళాడబోయే ఆమెను కూడా పూర్తిగా చెడ్డదాన్ని చేసి, బ్యాగులో రాళ్ళు వేసి, నిద్రలో ఉండగా పరుపుతో సహా చెరువులోకి తోసేసి మనల్ని నవ్విస్తారు. కొత్తగా సవతి తల్లి వచ్చిన పిల్ల ఆ నవ్వును ఇంటికి ఎలా తీసుకెళుతుందో ఆలోచించాలి.

ఆ విషయంలో 2003 నాటి 'ఫ్రీకీ ఫ్రైడే' నాకు చాలా మేలనిపించింది. నాన్న చనిపోయాడు, అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకోబోతోంది, కూతురికి ఇష్టం లేదు. అమ్మా కూతురూ ఒకరి శరీరంలోకి ఒకరు మారిపోతారు. అమ్మగా వేసిన జేమీ లీ కర్టిస్ పదిహేనేళ్ళ పిల్లలా కూలబడి కూర్చోవడం, మాట్లాడటం చూసి మా ఇద్దరికీ కడుపు నొప్పి వచ్చేంత నవ్వు వచ్చింది. ఇందులో పెళ్ళాడబోయే అతన్ని వెక్కిరించి తరిమేయరు. అమ్మ శరీరంలో ఉన్న కూతురే పెళ్ళికి ముందు విందులో లేచి, అతని గురించి మనసు మార్చుకుని మాట్లాడుతుంది. ఈ సినిమాలో అమ్మకూ ఒక రోజు ఉంటుంది, ఉద్యోగం, అలసట, భయం ఉంటాయి. పిల్లల సినిమాల్లో అమ్మ ఇంత మనిషిలా కనిపించడం అరుదు. మాయ జరిపించడానికి చైనా రెస్టారెంటును, అక్కడి ముసలామెను వాడుకున్న తీరు మాత్రం నాకు నచ్చలేదు. ఆ మాట మా అమ్మాయికి చెప్పాను.

ఆ సినిమాలో అమ్మ కోపంతో కూతురి గది తలుపే ఊడదీయిస్తుంది. ఆ సీనుకు మా అమ్మాయి నా వైపు చూసింది. మర్నాటి నుంచి నేను తలుపు తట్టి లోపలికి వెళుతున్నాను.

కొన్నిటి గురించి క్లుప్తంగా. 'మటిల్డా' (1996) తెలివైన పిల్ల కథ, పుస్తకాలంటే ఇష్టం పుట్టిస్తుంది, కానీ జడలు పట్టుకుని పిల్లను గిరగిర తిప్పి విసిరేసే హెడ్మిస్ట్రెస్‌ను చూసి ఎనిమిదేళ్ళప్పుడు మా పిల్ల ఒక రాత్రి నా పక్కనే పడుకుంది. పదేళ్ళకు ఆమెను చూసే పడీ పడీ నవ్వింది. 'రమోనా అండ్ బీజస్' (2010) జి రేటింగ్ సినిమానే. అందులో నాన్న ఉద్యోగం పోతుంది, ఇంట్లో పిల్లి చచ్చిపోతుంది. ఏడుస్తారు, ఏడవనివ్వండి, మంచి సినిమా.

'టర్నింగ్ రెడ్' (2022) పదకొండేళ్ళ పిల్లలున్న ప్రతి ఇంట్లో చూడాలని నా గట్టి అభిప్రాయం. డోమీ షీ తీసింది. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థలో ఒక మహిళ ఒంటరిగా దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి సినిమా ఇది. మే అనే పదమూడేళ్ళ పిల్లకు ఉద్వేగం వస్తే పెద్ద ఎర్ర పాండాగా మారిపోతుంది. వాళ్ళమ్మ అది నెలసరి అనుకుని, ప్యాడ్ల డబ్బా పట్టుకుని ఏకంగా బడికి వచ్చేస్తుంది. మా అమ్మాయి దిండులో ముఖం దాచేసుకుంది. నేను ఆపాలా వద్దా అని చూస్తున్నాను. దిండులోంచే "ఆపకమ్మా" అంది. నెలసరి గురించి నేను రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేసిన మాటలు ఆ రాత్రి తనే అడిగి పూర్తి చేయించుకుంది. ఇక్కడ కూడా పిల్ల పడే సిగ్గు మీదే నవ్వు. కానీ మనం మే పక్కన నిలబడి నవ్వుతాం, పక్కనే స్నేహితురాళ్ళు ముగ్గురూ ఉంటారు, పాండా అయినా వదలరు.

జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకీ తీసిన 'కికీస్ డెలివరీ సర్వీస్' (1989) ఎనిమిదేళ్ళప్పుడు పెడితే సగంలో వేరేది పెట్టమంది. విలన్ లేడు, గొడవ లేదు. పదమూడేళ్ళ మంత్రగత్తె పిల్ల ఇల్లు వదిలి కొత్త ఊళ్ళో పని చేసుకుంటుంది, అంతే. నిన్నమొన్న పన్నెండేళ్ళకు మళ్ళీ చూసింది. కికీ ఉన్నట్టుండి ఎగరలేకపోతుంది, తన పిల్లి మాట అర్థం కాకుండా పోతుంది. బొమ్మలు వేసే పెద్దమ్మాయి, నాకూ కుంచె కదలని రోజులుంటాయి, అప్పుడు కొన్నాళ్ళు మానేసి తిరుగుతాను, పడుకుంటాను అంటుంది. డాన్స్ క్లాసు మానేస్తానని వారం నుంచి గొడవ పడుతున్న మా పిల్ల ఆ మాట దగ్గర వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నది. డాన్స్ సంగతి ఇంకా తేలలేదు. గొడవ మాత్రం ఆగింది.

వచ్చే శనివారం ముగ్గురు స్నేహితురాళ్ళు వస్తున్నారు. అందులో ఆ రోజు గుమ్మం దగ్గర నన్ను అడిగిన పిల్ల కూడా ఉంది. మిగతావాళ్ళు 'పేరెంట్ ట్రాప్' కావాలన్నారట. "అది వద్దన్నానమ్మా, కికీ చూద్దామన్నాను. ఎందుకని వాళ్ళకు చెప్పలేదు" అంది మా అమ్మాయి, కళ్ళజోడు తుడుచుకుంటూ.