జమైకా రైస్ అండ్ పీస్ బెటరా, ట్రినిడాడ్ పెలావ్ బెటరా?

రెండూ కరీబియన్ దీవుల అన్నం వంటలే. రెండిట్లోనూ కొబ్బరిపాలు, స్కాచ్ బానెట్ అనే బాగా ఘాటైన మిరపకాయ ఉంటాయి గానీ వండే తీరు అస్సలు కలవదు. జమైకావాళ్లు ఆదివారం చేసే రైస్ అండ్ పీస్‌లో పీస్ అంటే బఠానీలు కాదు, రాజ్మా. అది మెత్తగా ఉడికాక ఆ ఎర్రనీళ్లు పారబోయరు, అందులోనే కొబ్బరిపాలు, థైమ్, ఉల్లికాడలు, ఆల్‌స్పైస్ గింజలు (మిరియాల్లా ఉండే మసాలా దినుసు) వేసి బియ్యం పోస్తారు, ఆ రంగంతా అన్నానికి పట్టేస్తుంది. మిరపకాయ కొయ్యకుండా అలాగే పైన పెట్టాలి, గరిటె తగిలి చిట్లిందా గుంటూరోళ్లక్కూడా చెమటలే 😅

పెలావ్‌లో అసలు పని చక్కెరది. నూనెలో చక్కెర కరిగి, నురగొచ్చి, ముదురు గోధుమరంగుకి తిరిగిన క్షణంలోనే మసాలా పట్టించిన చికెన్ వేసెయ్యాలి, ఇంకాస్త ఆగితే చేదెక్కి గిన్నె మొత్తం వేస్ట్. తర్వాత బియ్యం, గుమ్మడి ముక్కలు, పచ్చి కందులు, అవును మన కందికాయల్లో గింజలే.

ఒక్క గిన్నెలో భోజనం అయిపోవాలంటే పెలావే, నా ఓటూ దానికే. నాన్‌వెజ్ తిననివాళ్లకి మాత్రం రైస్ అండ్ పీస్ హాయి, కూర వేరే చేసుకోవాలంతే. రాజ్మా పడకపోతే అందులోనూ కందులు వెయ్యొచ్చు, జమైకాలో క్రిస్మస్‌కి అలాగే వండుతారు.