శ్రీలంక ఏడు రోజుల ప్యాకేజీ: పొలన్నరువకు గంట, చెక్కబొమ్మల దుకాణానికి గంటన్నర

2025 సంక్రాంతి సెలవుల్లో నల్లగొండలోని ఒక యాత్రా సంస్థ నడిపిన శ్రీలంక ప్యాకేజీలో నేను, నా భార్య వెళ్లి వచ్చాము. ఆరు రాత్రులు, ఏడు పగళ్లు. మనిషికి 72,000 రూపాయలు. విమానం టికెట్టు, వీసా, బస, భోజనం, బస్సు అన్నీ అందులోనే. బృందంలో ఇరవై నలుగురం ఉన్నాము: మిర్యాలగూడ వైపు వరి రైతులు నాలుగు జంటలు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు, సూర్యాపేట నుంచి ఒక బట్టల వ్యాపారి కుటుంబం, మిగిలినవారు మా పట్టణం వారే. సంస్థ పంచిన కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ‘శ్రీలంక సంస్కృతి, ప్రకృతి: సంపూర్ణ పరిచయం’ అని అచ్చు వేశారు. గదులు శుభ్రంగా ఉన్నాయా, బస్సులో ఏసీ పనిచేసిందా అన్నవి కూడా చెబుతాను గాని, ఈ సమీక్షలో నేను ప్రధానంగా తూచదలచుకున్నది ఆ ‘పరిచయం’ అన్న మాటనే.

ముందుగా బాగున్న వాటి సంగతి. నల్లగొండలో ఎక్కింది మొదలు తిరిగి నల్లగొండలో దిగేదాకా ఎవరి సామానూ పోలేదు, ఎవరూ రోడ్డు మీద నిలబడి ఎదురుచూడలేదు. హోటళ్లు చెప్పిన స్థాయిలోనే ఉన్నాయి. ఒక్క నువర ఎలియలో మాత్రం వేడినీళ్లు రాక, ఆ చలిలో పెద్దవాళ్లు ఇబ్బంది పడ్డారు. బస్సు కొత్తది. హైదరాబాదు నుంచి కొలంబోకు విమానంలో సుమారు రెండు గంటలే కావడం, గడియారం ముల్లు తిప్పుకునే పని కూడా లేకపోవడం వల్ల మొదటిసారి విదేశం పోయేవారికి ఈ దేశం సులువుగా అలవడుతుంది. విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అయితే పటం మీద చిన్నగా కనిపించిందని మోసపోకూడదు. కొండ దారుల్లో నూరు కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టిన రోజూ ఉంది.

భోజనం విషయంలో నాది మిశ్రమాభిప్రాయం. సంస్థ తన వెంట ఒక వంటాయనను తీసుకువచ్చింది. ఆయన ప్రతి పూటా పప్పుచారు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ కారం వేసిన వంకాయ కూరతో మమ్మల్ని ఇంటి కంటే బాగా చూసుకున్నాడు, ఆయనకు నూటికి నూరు మార్కులు వేస్తాను. కాని ఏడు రోజుల్లో స్థానిక భోజనం ఒక్కటంటే ఒక్క పూట పెట్టారు. బియ్యప్పిండిలో కొబ్బరిపాలు కలిపి పులియబెట్టి, చిన్న మూకుడులో పోసి, అంచు కరకరలాడేట్టు దించే ఆప్ప. కొబ్బరి కోరు, ఎండుమిరప, ఉల్లి, నిమ్మరసం కలిపి దంచే పొల్ సంబోల. మట్టి ముంతలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి తినడం, ఇవన్నీ ఆ ఒక్క పూటలోనే రుచి చూడవలసి వచ్చింది. ఆ కితుల్ మరేదో కాదు, మన గిరిజన ప్రాంతాల్లో కల్లు దించే జీలుగు చెట్టే. శాకాహారులకు ఒక హెచ్చరిక: సంబోలలోను, కొన్ని కూరల్లోను ఎండబెట్టిన మాల్దీవు చేపను పొడిగా కొట్టి వేస్తారు. దాన్ని ఉంబలకడ అంటారు. ముందే అడిగి వడ్డించుకోవాలి. ఈ సంగతి మా టూర్ మేనేజరుకు తెలియదు. మా బస్సు నడిపిన సింహళ డ్రైవరే, ఆయన గైడు కూడా, వేలు అడ్డం పెట్టి నా భార్య పళ్లెంలో పడకుండా ఆపాడు.

అసలు లోపం కాలాన్ని పంచిన తీరులో ఉంది. జనవరి 12న పొద్దున సిగిరియ చూశాము. అయిదో శతాబ్దంలో, తండ్రి ధాతుసేనుణ్ని చంపి సింహాసనం ఎక్కిన కాశ్యపుడు, తమ్ముడు ఏనాటికైనా దండెత్తి వస్తాడన్న భయంతో, దాదాపు 200 మీటర్ల ఎత్తు బండ మీద కట్టుకున్న కోట అది. పన్నెండు వందల మెట్లు. కింది తోటల్లోని జలయంత్రాలు వానల కాలంలో ఇప్పటికీ పనిచేస్తాయట. పైన సగం దారిలో గుహ గోడ మీది స్త్రీల చిత్రాలను ఫోటో తీయనివ్వరు. మాకు ఇక్కడ మూడు గంటలు ఇచ్చారు, అది న్యాయమే. భోజనం తరువాత బస్సు ఒక చెక్కబొమ్మల దుకాణం ముందు ఆగింది. గంటన్నర అయింది. బృందంలో కొన్నవారు ముగ్గురు. పొలన్నరువ చేరేసరికి పొద్దు వాలుతోంది, “సార్, గంటలో ముగించుకోవాలి” అని మేనేజరు తొందర పెట్టడం మొదలుపెట్టాడు.

పొలన్నరువ ఒక్క గంటలో అయ్యేది కాదు. పదకొండో శతాబ్దంలో చోళులు తమ లంక రాజ్యానికి రాజధాని చేసుకున్న ఊరు. వారి కాలపు శివాలయం ఇంకా నిలిచి ఉంది. పన్నెండో శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు ఏలిన నగరం. గల్ విహారలో ఒకే రాతి కొండను చెక్కి తీర్చిన బుద్ధులు, అందులో పవళించిన విగ్రహం పొడవే సుమారు 14 మీటర్లు. దాని ముందు నిలబడింది పది నిమిషాలు. తెల్లటి బట్టల్లో వచ్చిన స్థానిక కుటుంబాలు తామరపూలు పెట్టి మౌనంగా కూర్చున్నచోట, బుద్ధుడికి వీపు తిప్పి సెల్ఫీలు తీసుకుంటున్న మావాళ్లను కాపలాదారు మందలించాడు. అలా వీపు తిప్పి ఫోటో దిగడం అక్కడ అపచారమని బస్సులోనే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మాట పడేవాళ్లం కాదు.

తిరుగుదారిలో జరిగింది ప్యాకేజీలో లేదు. డ్రైవరు మేనేజరును అడగకుండానే బస్సును పరాక్రమ సముద్రం కట్ట మీద ఆపి, “మీరు రైతులు కదా, పది నిమిషాలు చూడండి” అన్నాడు. సుమారు 14 కిలోమీటర్ల కట్ట. పాత చెరువులను కలిపి, నది నుంచి కాలువ తవ్వి, పరాక్రమబాహు నింపించిన నీరు. ఆకాశం నుంచి పడ్డ ఒక్క చుక్క కూడా మనిషికి పనికి రాకుండా కడలిలో కలవకూడదని ఆ రాజు అన్నట్టు అక్కడి పురావృత్తం చెబుతుంది. జనవరి కాబట్టి చెరువు నిండుగా ఉంది, కట్ట కింద వరి పొట్టకు వచ్చింది. మిర్యాలగూడ పెద్దాయన ఒకరు కట్ట దిగి, మడిలో చేయి పెట్టి, వెన్ను తడిమి చూసి పైకి వచ్చాక నాతో అన్నారు: “మన పానగల్లు కట్ట మీద నిలబడ్డట్టే ఉన్నది సారూ. మత్తడి ఎక్కడున్నదో, తూము ఎవరు తీస్తరో అడుగుర్రి.”

నల్లగొండ పక్కనున్న పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు తవ్వించినది. ఇవాళ ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద కృష్ణా నీటిని నిలుపుకుంటోంది. ఇక్కడా అక్కడా చెరువునే సముద్రమని పిలుచుకున్నారు, ఇద్దరిదీ ఎండకాలపు భయం ఒక్కటే. ఆ పది నిమిషాలు గంట అయింది, డ్రైవరు చెబుతుంటే నేను అనువదిస్తూ పోయాను. అక్కడ చెరువును ‘వెవ’ అంటారు. వాపి నుంచి మనకు బావి వచ్చినట్టే వారికి వెవ వచ్చింది. పంటకాలాలు రెండు: ఈశాన్య వానలతో ‘మహ’, నైరుతి వానలతో ‘యల’, మన వానకాలం, యాసంగిల వంటివి. తూము దగ్గర, కట్ట లోపలి వైపున, నిలువుగా కట్టిన చదరపు రాతి గదిని బిసోకొటువ అంటారు. నీరు ముందు అందులోకి దిగి, ఒత్తిడి తగ్గాక, కట్ట అడుగున ఉన్న రాతి కాలువల గుండా ఆయకట్టుకు పోతుంది, కట్ట కోసుకుపోదు. చెరువు నీటిని పొలాలకు వదిలే మన నీరటి వంటి వాడు అక్కడ ‘వెల్ విదానె’. నాట్లకు ముందు రైతులంతా కూడి, ఏ తేదీన నీరు వదలాలో, ఎంత మేర సాగు చేయాలో తీర్మానించుకుంటారు. చెరువు సగమే నిండిన ఏడు ‘బెత్మ’ అన్న పద్ధతి ఉంది: తూముకు దగ్గరి భూమిని మాత్రమే తడిపి, ఆ ఒక్క ఏటికి దాన్ని దూరపు రైతులతో సహా అందరికీ పంచుతారు. ఈ మాట అనువదించగానే కట్ట మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి ఆయకట్టు వారికి నీరందక ఏటా గొడవపడే కాలువల కింద బతికిన మనుషులు వాళ్లు. ‘పరిచయం’ అన్న మాటకు ఈ యాత్రలో నిజంగా తగినది ఆ గంటే, దానికి సంస్థ చేసినదేమీ లేదు. పైగా రాత్రి భోజనం ఆలస్యమైందని మేనేజరు డ్రైవరు మీద చిరాకు పడ్డాడు.

మరునాటి ఉదయం మిన్నేరియ జీపు యాత్ర. కరపత్రంలో ‘వందలాది ఏనుగులు’ అన్నారు. మాకు కనిపించినవి నాలుగు, అవీ దూరంగా. ఏనుగులు మిన్నేరియ చెరువు దగ్గర గుంపులుగా చేరేది జులై నుంచి అక్టోబరు దాకా; నీరు తగ్గి, చెరువు శిఖంలో లేత గడ్డి మొలిచే కాలంలో. జనవరిలో చెరువు నిండా నీరే ఉంటే అవి ఎందుకు వస్తాయి? ఇది ఏనుగుల తప్పు కాదు, అచ్చు వేసినవారి తప్పు.

ఆ రోజు భోగి, అక్కడివారికి పౌర్ణమి. ప్రతి పౌర్ణమీ శ్రీలంకలో పోయ, అంటే సెలవు దినం. మద్యం అమ్మరు, మాంసం దుకాణాలు మూసి ఉంటాయి. దీన్ని చూడకుండా సంస్థ ఆ రాత్రికి ‘చికెన్ విందు’ రాసిపెట్టింది. కొందరు అలిగారు. నాకైతే ఆ పొరపాటు కలిసివచ్చింది. క్యాండీలో బుద్ధుని దంతధాతువు ఉన్న దళద మాలిగావలో సాయంత్రపు పూజకు, డోళ్లు మోగుతుండగా, పూల పళ్లేలు పట్టుకున్న వేలమంది మధ్య రెండు గంటలు నిలబడ్డాము. కనిపించేది దంతం కాదు, దాన్ని దాచిన బంగారు కరండం (భరిణె) మాత్రమే. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఆ ఒక్క క్షణం కోసం నిలబడడం చూశాక ఆ తేడా ఎవరికీ పట్టలేదు. పక్కనున్న సరస్సును 1807లో తవ్వించిన చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ, 1739 నుంచి క్యాండీని ఏలిన నాయక్కర్ వంశం వాడు. మదురై నాయకులతో చుట్టరికం ఉన్న, తెలుగు మూలాల కుటుంబం. 1815లో ఆంగ్లేయులు ఆయనను పట్టి వేలూరుకు పంపారు, 1832లో అక్కడే పోయాడు. తెలుగు బృందాన్ని తీసుకువెళ్లిన తెలుగు మేనేజరు ఈ కథ చెప్పలేదు, రత్నాల దుకాణం దారి మాత్రం చెప్పాడు.

సంక్రాంతి నాడు నువర ఎలియ. 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు వాడు లూల్‌కందురలో తేయాకు సాగు మొదలుపెట్టాడు; ఆ తరువాత కాఫీ తోటలను ఆకుతెగులు తినేయడంతో కొండలన్నీ తేయాకుకు మారాయి. ఆ తోటల్లో పనికి తమిళ దేశం నుంచి తెచ్చిన కూలీల మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ వరుస ఇళ్లలోనే ఉంటున్నారు. 1948లో చేసిన చట్టం వారిలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివారిని చేసింది. ఆ పొద్దు వాళ్ల వాకిళ్లలో ముగ్గులు, పొంగలి కుండలు. బస్సు సీతమ్మ గుడి వైపు పోతుంటే, మహబూబ్‌నగర్ టీచరమ్మ కిటికీ లోంచి ఆ వరుస ఇళ్లను చూస్తూ, “మా పాలమూరు లేబరు ఎక్కడికి పోయినా ఇట్లనే గదా ఉంచిన్రు” అని మాత్రం అన్నారు. బస్సు అక్కడ ఆగలేదు. తేయాకు ఫ్యాక్టరీ దుకాణం దగ్గర ఆగింది.

దక్షిణ తీరం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గాల్ కోటను నలభై నిమిషాల్లో చుట్టేశాము. ‘ప్రకృతి’ అని అచ్చు వేసిన వారు, 1988లో యునెస్కో జాబితాకెక్కిన సింహరాజ వర్షారణ్యాన్ని అసలు కార్యక్రమంలోనే పెట్టలేదు. ఉష్ణమండల అడవి ఎలా ఉంటుందో మా బృందం బస్సు అద్దాల్లోంచే చూసింది.

ఈ సంస్థతో వెళ్లాలా అని అడిగేవారికి నా సలహా: పెద్దవాళ్లను భద్రంగా తీసుకుపోయి, ఇంటి భోజనం పెట్టి, తిరిగి తీసుకువచ్చేవారు కావాలంటే వెళ్లవచ్చు. దేశం తెలియాలంటే మాత్రం డబ్బు కట్టే ముందే దుకాణాల సంఖ్య, ఒక్కొక్కచోట ఇచ్చే సమయం కాగితం మీద రాయించుకోవాలి. స్థానిక గైడు ఎవరో అడగాలి. పౌర్ణమి తేదీ చూసుకోవాలి. సిగిరియ వంటి చోట్ల సార్క్ దేశాల పాస్‌పోర్టుకు టికెట్టు తగ్గుతుంది కనుక, ఆ తగ్గింపు ధరలో కలిపారో లేదో తేల్చుకోవాలి. వెళ్లే ముందు ఒక ఆదివారం నాగార్జునకొండకు పోయి రావడం ఇంకా మంచిది. అక్కడ సింహళ విహారం ఉండేదని, దానికి ముందు అర్ధచంద్రాకారపు మెట్టురాయి వేశారని తెలిసి వెళితే, అనురాధపురలోనూ పొలన్నరువలోనూ గుమ్మాల ముందు అదే రాయి కనిపించినప్పుడు పరాయి దేశానికి వచ్చామనిపించదు. పాత రాజధాని అనురాధపుర కూడా మా ప్యాకేజీలో లేదని వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి వచ్చిన వారానికి సంస్థ నుంచి ఫోను వచ్చింది, అయిదు నక్షత్రాలు ఇవ్వమని. మూడు ఇస్తానన్నాను: ఒకటి వంటాయనకు, రెండు డ్రైవరుకు. వచ్చే ఏడాది నుంచి పొలన్నరువకు పూర్తి రోజు ఇస్తామని, చెరువు కట్ట కూడా చేరుస్తామని అటు నుంచి హామీ ఇచ్చారు. కాగితం మీద పంపమన్నాను. ఇంకా రాలేదు.