మూడు కిలోవాట్ల ఇంటి సోలారు: ఎవరికి గిట్టుబాటు?

పీఎం సూర్యఘర్ పథకం కింద డాబా మీద పెట్టించుకునే మూడు కిలోవాట్ల సౌర విద్యుత్ వ్యవస్థ నెలకు రెండు వందల యూనిట్లకు మించి కరెంటు వాడే ఇంటికి నిస్సందేహంగా మంచి కొనుగోలు. అంతకన్నా తక్కువ వాడే ఇంటికి కూడా ఇదే సైజు అంటగట్టడం అమ్మకందార్లలో ఎక్కువమందికి అలవాటు.

ఆంధ్రప్రదేశ్ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు ధర 1.90 రూపాయలు కాగా, 225 యూనిట్లు దాటితే అది 8.75 రూపాయలకు చేరుతుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఇంధన చార్జీ ఒక్కటే సుమారు 1,670 రూపాయలు పడుతుంది. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్ల చొప్పున ఈ ప్యానెళ్లు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి కనుక, నెట్ మీటరు (మనం గ్రిడ్‌కు, అంటే కరెంటు లైన్లకు, పంపిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి మినహాయించేది) ఉంటే స్థిర చార్జీలు తప్ప ఆ మొత్తం దాదాపుగా మిగిలిపోతుంది. రెండు లక్షల ఖర్చులో 78,000 కేంద్ర రాయితీ పోగా మన చేతి నుంచి పడేది ఆరేళ్లకే తిరిగి వస్తుంది. 100 యూనిట్లే వాడే ఇంట్లో ఆదా అయ్యేది నెలకు 305 రూపాయలు. అటువంటివారు 30,000 రాయితీ వచ్చే ఒక కిలోవాటుతో ఆగడం మేలు.

పనితీరు విషయంలో మాకు ఫిర్యాదు లేదు. వేడి పెరిగేకొద్దీ కరెంటు కూడా పెరుగుతుందన్నది మాత్రం అపోహ. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి, అది అరవై డిగ్రీలకు వేడెక్కే మే నెల మధ్యాహ్నం పదోవంతుకు పైగా నష్టపోతాం. నీళ్ల ట్యాంకు నీడ పడని చోటు చూసుకోవాలి. స్టాండు ఎత్తుగా వేయిస్తే కింద బట్టలో వడియాలో ఆరేసుకోవచ్చు (ఇంట్లో పెద్దవాళ్ల ఆమోదం ఎక్కువగా దీనితోనే దొరుకుతుంది).

అసలు లోపం వేరే ఉంది. కరెంటు పోతే, పట్టపగలు ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లైను మీద పనిచేసేవారికి ప్రమాదం రాకుండా గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే పరికరం) తనంతట తానే ఆగిపోతుంది. ఇది సబబైన ఏర్పాటే అయినా, మాకు అమర్చిన సంస్థ డబ్బు కట్టించుకునేదాకా ఈ మాట ఎత్తలేదు. కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ పెట్టించుకోవచ్చు గాని, రాయితీ కిలోవాట్లను బట్టే వస్తుంది కనుక ఆ అదనపు ఖర్చు మనదే.

అపార్ట్‌మెంట్లలో లెక్క మారుతుంది. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి కనుక, ఇరవై ఫ్లాట్లకు తలా మూడు కిలోవాట్లంటే ఆరు వేల చదరపు అడుగుల డాబా ఉండాలి. అంత జాగా సాధారణంగా దొరకదు. లిఫ్టు, నీళ్ల మోటారు, వరండా దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘం పేరున పెట్టిస్తే కిలోవాటుకు 18,000 చొప్పున, 500 కిలోవాట్ల దాకా రాయితీ ఉంది. నెలనెలా నిర్వహణ రుసుము తగ్గించడానికి ఇంతకన్నా తేలిక మార్గం నాకు కనిపించలేదు. సమావేశంలో అందరినీ ఒప్పించడం మాత్రం ఏ పథకంలోనూ లేని పని.

కొటేషన్లు పోల్చేటప్పుడు ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ దేశంలోనే తయారైనవో కాదో రాతపూర్వకంగా అడగాలి. చవకగా కనిపించే దిగుమతి సరుకుకు ఈ రాయితీ వర్తించదు.