మూడింటికే మెలకువ: నిద్రమాత్రా, వేళల మార్పా?

శ్రీకాకుళంలో మా అమ్మ రాత్రి 8కే పడుకుని, 3 గంటలకే లేచి కూర్చునేది. లెక్క వేస్తే 7 గంటలు, పెద్ద వయసులో చాలినంత నిద్రే. వయసు పెరిగేకొద్దీ ఒంట్లోని గడియారం ముందుకు జరిగి నిద్రా, మెలకువా రెండూ పెందలాడే వస్తాయి, అంతే.

మాత్ర అయితే ఆ రాత్రికే పనిచేస్తుంది. కానీ ఆల్ప్రాజోలం లాంటివి పెద్దవాళ్లకు మర్నాడు కూడా మత్తుగా ఉంచుతాయి. రాత్రి బాత్రూంకి లేచి తూలిపడితే తుంటి ఎముక విరగొచ్చు. నాకు అదే భయం. పైగా అలవాటు పడతారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

వేళల మార్పుకు ఓపిక కావాలి. సాయంత్రం వెలుతురు ఉండగానే నాగావళి గట్టున నడక, మధ్యాహ్నం కునుకు అరగంటలోపే, పడక 10కి. మెలకువ వచ్చాక ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం దిగి వసారాలో కూర్చోవడం. మొదటి వారం అమ్మ పగలంతా చిరాకు పడింది, పాపం. నెల దాటాక 5కి లేస్తోంది. నా ఓటు దీనికే.

మెలకువతో పాటు దిగులు, తిండి సయించకపోవడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి. అది డిప్రెషన్ కావచ్చు.